‘పెంచండి’ అన్నప్పుడు ఏది తగ్గించాలి? ఆరుబయట బ్యాండ్ల సౌండ్ వెనుక సంగతులు

సాయంత్రం ఏడున్నర. మూడో బ్యాండ్ రెండో పాటలో ఉంది. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన అరచెయ్యి పైకెత్తి పెంచమని సైగ చేస్తున్నారు. ఆయనకు పాటలో మాటలు వినపడడం లేదు. అదే సమయంలో స్టేజి మీద గాయని తన ఎదుట నేల మీదున్న స్పీకరు వైపు వేలు చూపించి, ఆ వేలునే పైకెత్తుతున్నారు. ఆమెకు తన గొంతు వినపడడం లేదు. ఎడమ పక్కనున్న గిటారు కుర్రాడు ఎవరినీ అడగకుండా తన యాంప్లిఫయర్ గుండీని తనే ఒక గీత పైకి తిప్పుకున్నాడు. ముగ్గురికీ కావలసింది ఒకటే: పెంచడం. ముగ్గురి మాటా వింటే అరనిమిషంలో మైకు కూస్తుంది. పెద్దాయనకు అంతకుముందు వినపడిన నాలుగు మాటలు కూడా వినపడకుండా పోతాయి.

నాలుగైదు బ్యాండ్లు, అయిదారు వందల మంది శ్రోతలు, కాలేజీ మైదానమో మామిడితోటో సముద్రపు ఒడ్డో. ఇలాంటి చిన్న సంగీతోత్సవాలకు చాలా ఏళ్లుగా సౌండ్ చూస్తున్నాను. ‘సౌండ్ బాగాలేదు’ అనే ఫిర్యాదుకు పెద్ద బాక్సులు తెప్పించడమే మందు అని నిర్వాహకులు గట్టిగా నమ్ముతారు. నాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావాటికి మందు ఏదో ఒకటి తగ్గించడంలో, లేదా రెండడుగులు పక్కకు జరపడంలో దొరికింది. అది ఎందుకో చెప్పాలంటే గాయని నోట్లోంచి బయలుదేరిన మాట వెనక వరస దాకా ఎలా వెళుతుందో, దారిలో దానికి ఏమేమి అడ్డం పడతాయో చూడాలి.

ముందుగా మైదానం సంగతి. హాల్లో గోడలు, పైకప్పు శబ్దాన్ని తిప్పి పంపుతాయి. వెనక కూర్చున్నవారికి స్టేజి నుంచి నేరుగా వచ్చేదానికంటే అలా తిరిగి వచ్చేదే ఎక్కువగా అందుతుంది. ఆరుబయట ఆ సాయం లేదు. దాటిపోయిన శబ్దం ఇక వెనక్కి రాదు. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. స్పీకరుకు 4 మీటర్ల దూరంలో 100 డెసిబెల్స్ ఉంటే 8 మీటర్ల దగ్గర 94, 16 దగ్గర 88, 32 దగ్గర 82. ఈ 18 డెసిబెల్స్ తేడాను వాల్యూమ్ పెంచి పూడ్చాలంటే యాంప్లిఫయర్ నుంచి అరవై రెట్లకు పైగా శక్తి కావాలి. ఎందుకంటే ప్రతి 3 డెసిబెల్స్‌కూ శక్తి రెండింతలవుతుంది. ఒకవేళ అంత శక్తి దొరికినా ముందు వరసలో చాపల మీద కూర్చున్న పిల్లల చెవుల మీద 118 డెసిబెల్స్ పడతాయి. ఏ పాటకూ అంత విలువ లేదు.

దీనికి చవకైన ఉపాయం ఎత్తు. మన దగ్గర బాక్సులను స్టేజి పక్కన నేల మీదే పేర్చే అలవాటు ఉంది. అప్పుడు ముందు వరసలోని వారికీ స్పీకరుకూ మధ్య రెండు మీటర్లే దూరం, వెనక వారికి ముప్పై. పైగా మాటకు స్పష్టతనిచ్చే సన్నటి ధ్వనులను ముందు నిలబడ్డవారి శరీరాలే పీల్చుకుంటాయి. అదే టాప్ బాక్సులను, అంటే గొంతు, సన్నటి ధ్వనులు పలికే బాక్సులను, మూడున్నర, నాలుగు మీటర్ల ఎత్తుకు లేపి, మూతి కొంచెం కిందికి వంచితే ముందు వారికి దూరం పెరుగుతుంది, వెనక వారికి దారి తెరుచుకుంటుంది. ఒక్క గుండీ తిప్పకుండానే హెచ్చుతగ్గుల్లో సగం సర్దుకుంటుంది. ఎత్తు పెరిగిన కొద్దీ స్టాండ్ కాళ్లకు ఇసుక బస్తాలు, నాలుగు వైపులా కట్లు తప్పనిసరి. గాలికి ఊగే బాక్సు కింద ఎవరినీ కూర్చోనివ్వకూడదు.

మైదానం పొడవుగా ఉంటే మధ్యలో మరో జత చిన్న స్పీకర్లు పెట్టాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. విద్యుత్తు తీగలో క్షణంలో వెళుతుంది. శబ్దం గాలిలో సెకనుకు 345 మీటర్లు మాత్రమే నడుస్తుంది. స్టేజికి 30 మీటర్ల దూరంలో పెట్టిన స్పీకరు వెంటనే మోగితే, స్టేజి నుంచి వచ్చే అదే మాట అక్కడికి దాదాపు 87 మిల్లీసెకన్ల తరువాత చేరుతుంది. ఒక మాట రెండు మాటలై అలుక్కుపోతుంది. అందుకే ఆ మధ్య స్పీకర్లను 87 మిల్లీసెకన్లు, ఆపైన మరో పది, పన్నెండు ఆలస్యంగా మోగేలా మిక్సర్‌లో, అంటే అన్ని మైకుల శబ్దాలనూ కలిపి సరిచేసే పెట్టెలో, అమరుస్తాం. ఆ పది ఎందుకు? మన చెవి ఏ శబ్దం ముందు చేరితే ఆ దిక్కునే మూలంగా తీసుకుంటుంది. దీన్ని హెల్ముట్ హాస్ అనే జర్మన్ పరిశోధకుడు 1949లో వివరంగా చూపించాడు. స్టేజి శబ్దం ఒక్క రవ్వ ముందు చేరితే చాలు, పక్కనే ఉన్న స్పీకరు నుంచి వస్తున్నా పాట గాయని దగ్గర నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఆ లెక్క సరిగ్గా కుదిరిన రోజున వెనక వరసలోకి నడిచి వెళ్లి, ఆ స్పీకరు పక్కన నిలబడి, అది మోగుతున్నట్టే తెలియకపోవడం నాకు ఈ పనిలో దొరికే గొప్ప సంతోషాల్లో ఒకటి.

ఇక స్టేజి మీదకు వెళదాం. చిక్కుముడి అసలు అక్కడే పడుతుంది.

చిన్న స్టేజి అంటే ఇరవై అడుగుల వెడల్పు, పదహారు అడుగుల లోతు. అందులో డ్రమ్ కిట్, రెండు గిటారు యాంప్లిఫయర్లు, ఒక బేస్ యాంప్లిఫయర్, కీబోర్డు, పాడేవారు ఇద్దరు. గట్టిగా వాయించే డ్రమ్మర్ పక్కన 100 డెసిబెల్స్ దాటడం మామూలే. గాయని మైకు డ్రమ్స్‌కు ఆరడుగుల ముందు ఉంటుంది, దాని మూతి అటే తిరిగి ఉంటుంది. అంటే ఆ మైకులోకి గాయని గొంతుతో పాటు తాళాల మోత, గిటారు, అన్నీ దూరుతాయి. ఆమె మైకును పెంచితే ఆమెతో పాటు ఇవన్నీ పెరుగుతాయి. గిటారు కుర్రాడు తన యాంప్లిఫయర్ పెంచుకున్నప్పుడు నిజానికి ఆమె మైకులో గిటారును పెంచాడు. పెద్దాయనకు మాటలు వినపడకపోవడానికి కారణం అక్కడుంది, నా మిక్సర్‌లో కాదు.

అందుకే నేను మొదట చేసేది గిటారు యాంప్లిఫయర్‌ను కుర్చీ మీదకు ఎక్కించడం, లేదా వెనక్కి వాల్చడం. నేల మీద ఉంటే అది వాయించేవాడి మోకాళ్లకు వినిపిస్తుంది, ముందున్న జనానికి సూటిగా తగులుతుంది, అతని చెవికి మాత్రం అందదు. చెవి వైపు తిప్పితే అతనే అడగకుండా తగ్గించుకుంటాడు. ఈ మాటను మర్యాదగా, పాట మొదలవక ముందే చెప్పాలి. ‘నీ గిటారు పెద్దగా ఉంది’ అంటే నొచ్చుకుంటాడు. ‘నీ గిటారు బయట బాగా వినపడాలంటే స్టేజి మీద కొంచెం తగ్గించు, మిగతాది నేను చూసుకుంటాను’ అంటే ఒప్పుకుంటాడు. ఆ మాట అబద్ధం కూడా కాదు.

రెండో మెలిక మైకుకూ నోటికీ ఉన్న దూరం. ఇందాకటి లెక్కే ఇక్కడా పనిచేస్తుంది. ఒక అంగుళం దూరంలో పాడే గొంతు నాలుగు అంగుళాలకు జరిగితే సుమారు 12 డెసిబెల్స్ పోతాయి. డ్రమ్స్ మోత మాత్రం అంతే ఉంటుంది. మిక్సర్‌లో ఎన్ని గుండీలు తిప్పినా ఆ మూడు అంగుళాలు ఇచ్చినంత మేలు చేయలేవు. ‘పెదవి జాలీకి తగిలేలా పాడండి’ అని పాడేవారికి చెప్పడానికి మొహమాటపడకూడదు. శాస్త్రీయ సంగీతం నేర్చుకుని వచ్చినవారికి ఇది కష్టంగా ఉంటుంది. కచేరీలో మైకుకు అరచెయ్యి దూరంలో కూర్చుని పాడడం వారికి అలవాటు. అక్కడ పక్కన ఉండేది వయొలిన్, మృదంగం. ఇక్కడ వెనక ఉండేది డ్రమ్ కిట్.

మైకును పట్టుకునే తీరు కూడా ముఖ్యమే. స్టేజి మీద ఎక్కువగా వాడే గొంతు మైకులు ఎదుటి నుంచి వచ్చేదాన్ని బాగా, వెనక నుంచి వచ్చేదాన్ని బాగా తక్కువగా అందుకుంటాయి. 1966 నుంచి ప్రపంచమంతా వాడుతున్న షూర్ ఎస్ఎం58 అలాంటిదే. ఆ గుణం జాలీ వెనక వైపున్న సందుల వల్ల వస్తుంది. ర్యాప్ పాడే కుర్రాళ్లు జాలీ మొత్తాన్ని గుప్పిట్లో మూసి పట్టుకుంటారు. దాంతో ఆ సందులు మూసుకుపోతాయి, మైకు నాలుగు దిక్కులనుంచీ శబ్దం తీసుకోవడం మొదలుపెడుతుంది. పాడేవారికి తమ గొంతు వినపడడానికి వారి వైపు తిప్పి నేల మీద పెట్టే స్పీకరు, అంటే మానిటర్ శబ్దం అందులో దూరుతుంది, మైకు కూస్తుంది.

ఆ కూత గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. జనం ‘మైకు కూసింది’ అంటారు, మేం ఫీడ్‌బ్యాక్ అంటాం. మైకులో పడ్డ శబ్దం స్పీకరులోంచి వస్తుంది. అది మళ్లీ మైకులో పడుతుంది. ఆ చుట్టు తిరిగి వచ్చేటప్పటికి శబ్దం మొదట ఉన్నదానికంటే తగ్గి వస్తే ఏ బాధా లేదు. అంతే స్థాయిలోనో ఎక్కువగానో వస్తే ప్రతి చుట్టుకూ పెరుగుతూ పోతుంది. అన్ని స్వరాల్లోనూ ఒకేసారి జరగదు. మైకు, స్పీకరు, వాటి మధ్య దూరం కలిసి ఏ స్వరానికి ఎక్కువ అనువుగా ఉంటే ఆ ఒక్క స్వరమే ఈలలా లేస్తుంది. అందుకే కూత విన్న వెంటనే మొత్తం తగ్గించడం కాకుండా ఆ ఒక్క స్వరాన్ని గుర్తుపట్టి, స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఈక్వలైజర్‌లో సన్నగా కత్తిరిస్తాం. ఇలాంటి కోతలు మూడు నాలుగు వరకు ఫరవాలేదు. పది కోసేశాక మిగిలేది గొంతు కాదు, టెలిఫోన్. అంతవరకు వచ్చిందంటే మానిటర్ ఉన్న చోటు తప్పు. ఎస్ఎం58 లాంటి మైకుకైతే మానిటర్ సరిగ్గా దాని తోకవైపు, అంటే పాడేవారికి నేరుగా ఎదురుగా ఉండాలి. ఇంకా ఇరుకుగా వినే సూపర్ కార్డియాయిడ్ మైకులకైతే తోకవైపు కొంత వింటుంది. వాటికి చెవుడు 125 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మానిటర్లు రెండూ చెరో పక్క ఉండాలి. మైకు మార్చినప్పుడు మానిటర్ జరపడం మరిచిపోయేవారిని చాలామందిని చూశాను.

మరో లెక్క ఉంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మనకు మిగిలే జాగా 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ‘అన్నిటికీ మైకు పెట్టండి’ అనే కోరిక ఇక్కడ దెబ్బతీస్తుంది. ఒక బ్యాండ్ డప్పుతో వచ్చిందనుకుందాం. నిప్పుల మీద కాచి బిగించిన డప్పు అయిదారు వందల మందికి మైకు లేకుండానే వినిపించగలదు. పల్లెల్లో వీధులకు వీధులు దాటి వినిపించిన వాద్యం అది. దానికి మైకు పెట్టడమంటే డప్పుకు దూరంగా ఉన్న అన్నిటినీ ఆ మైకులో పోగుచేయడమే. నేను చాలాసార్లు డప్పుకు పెట్టిన మైకును మూసి ఉంచి, కళాకారుణ్ణి స్టేజి ముందంచుకు తీసుకొస్తాను. మృదంగానికి మాత్రం రెండు వైపులా రెండు మైకులు దగ్గరగా కావాలి. అది సున్నితమైన వాద్యం, డ్రమ్స్ పక్కన నిలవలేదు.

స్టేజి మీద తమ గొంతు తమకు వినపడకపోవడం ఎంత నరకమో తెలియడానికి ఒక పాత సంగతి చాలు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్‌లోని షే స్టేడియంలో బ్రిటన్ బ్యాండ్ బీటిల్స్ 55 వేల మందికి పైగా జనం ముందు పాడారు. గిటార్లకు 100 వాట్ల యాంప్లిఫయర్లు, గొంతులకు ఆట స్కోర్లు ప్రకటించే స్టేడియం స్పీకర్లు. కళాకారుల వైపు తిప్పిన మానిటర్లు లేవు. కేకల హోరులో తాము వాయిస్తున్నది తమకే వినపడలేదు. మానిటర్లు ఉండి ఉంటే ఆ గోలలో ఎంతవరకు సాయపడేవో చెప్పలేం. ఈ రోజు చిన్న ఊళ్లో పాడే బ్యాండ్‌కు కూడా మానిటర్లు దొరుకుతాయి. అవి దొరకడం వల్లే స్టేజి మీద శబ్దం అదుపు తప్పుతుంది. అందుకే ఒక్కో మానిటర్‌లో ఒకటి, రెండు విషయాలే వేస్తాను. పాడేవారికి వారి గొంతు, కాస్త కీబోర్డు. డ్రమ్మర్‌కు గొంతు, బేస్. ‘అన్నీ కొంచెం కొంచెం’ అని ఎవరైనా అడిగితే ముందు గొంతు మాత్రమే ఇచ్చి, సరిపోయిందా అని అడుగుతాను. చాలాసార్లు సరిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. మిక్సర్‌ను ఎక్కడ పెడతారు?

మన సభల్లో సౌండ్ ఆపరేటర్‌ను స్టేజి పక్కన, తెర వెనక, బాక్సుల వెనకాల కూర్చోబెడతారు. మైదానం మధ్యలో స్థలం ముఖ్య అతిథుల సోఫాలకు పోతుంది. అక్కడ కూర్చున్న ఆపరేటర్ వినేది స్టేజి వెనకవైపు మోత, బేస్ బాక్సుల గుబగుబ. జనం ఏమి వింటున్నారో అతనికి తెలిసే మార్గం లేదు. ఉపన్యాసాల సభలో ఎలాగో గడిచిపోతుంది, ఆరేడు వాద్యాలున్న బ్యాండ్‌ను అలా కలపడం వంట రుచి చూడకుండా ఉప్పు వేయడమే. మిక్సర్ ఉండవలసింది స్టేజి ఎదుట, మైదానం లోతులో సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య, నడిమి గీత నుంచి కొంచెం పక్కకు. పది అడుగుల చదరం చాలు. ఎండ పడకుండా పైన షామియానా, జనం తోసుకోకుండా చుట్టూ తాడు. ఎండలో డిజిటల్ మిక్సర్ తెర కనపడదు, వేడెక్కితే మొరాయిస్తుంది. ఈ పది అడుగులు ఇవ్వని నిర్వాహకుడు లక్ష రూపాయల బాక్సులు అద్దెకు తెచ్చినా ఆ డబ్బు నేలపాలే. స్థలం ఎంతకీ ఇవ్వకపోతే ట్యాబ్లెట్‌తో మిక్సర్‌ను నడుపుతూ జనంలో తిరుగుతాను. కాని జనం పెరిగాక వైఫై సంకేతం తడబడుతుంది కాబట్టి దాన్నే నమ్ముకోలేం.

నడిమి గీత నుంచి పక్కకు అని ఎందుకన్నానంటే బేస్ వల్ల. 60 హెర్ట్జ్ స్వరం ఒక్కో అల పొడవు అయిదున్నర మీటర్ల పైన ఉంటుంది. స్టేజికి ఇటొకటి అటొకటి బేస్ బాక్సులు పెడితే రెండింటి నుంచి వచ్చే అలలు సరిగ్గా మధ్య గీత మీద కలిసి బలపడతాయి. అక్కడి నుంచి కొన్ని అడుగులు పక్కకు జరిగితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. మధ్యలో కూర్చుని బేస్ సరిపోయిందనుకుంటే రెండు పక్కలా ఉన్న జనానికి అది అందదు. చిన్న మైదానంలో నేను బేస్ బాక్సులన్నిటినీ స్టేజి ముందు మధ్యలో ఒకేచోట గుంపుగా పెడతాను. అలల కొట్లాట పోతుంది, పక్కపక్కన ఉన్న బాక్సులు ఒకదానికొకటి బలమిస్తాయి, రెండు బాక్సులు తక్కువ తెచ్చుకున్నా సరిపోతుంది. ఇక గొంతు, గిటారు, కీబోర్డు చానెళ్లలో, అంటే మిక్సర్‌లో ఒక్కోదానికీ విడిగా ఉండే దారుల్లో, 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తాను. అక్కడ పాటకు పనికొచ్చేది తక్కువ. మైకు స్టాండు అదురు, గాలి ఊదుడు, అడుగుల చప్పుడు ఉంటాయి.

ఎకో గురించి కూడా చెప్పాలి. మన ఆపరేటర్లకు, మన గాయకులకు కూడా దాని మీద మమకారం ఎక్కువ. మైకు చేతికి రాగానే ‘ఎకో వెయ్యండి’ అంటారు. ఆరుబయట గొంతు ఎండిపోయినట్టు వినిపిస్తుంది, నిజమే. కాస్త రివర్బ్, అంటే హాల్లో గోడలు ఇచ్చే ప్రతిధ్వని లాంటిది, దానికి తడినిస్తుంది. కాని మైదానం వెనక, స్టేజికి 50 మీటర్ల దూరంలో కాలేజీ భవనం ఉంటే దాని గోడకు తగిలిన శబ్దం సెకనులో మూడో వంతు కంటే కొంచెం తక్కువ కాలంలో స్టేజి దగ్గరకు తిరిగి వస్తుంది. మైదానమే ఒక ఎకో ఇస్తోంది. దాని మీద మనం మరొకటి వేస్తే వత్తులు, ద్విత్వాలు అన్నీ కరిగిపోతాయి. తెలుగులో ఒక్క వత్తు పోతే మాటే మారిపోతుంది. అలాంటి చోట ఎకో పూర్తిగా తీసేసి, స్పీకర్ల మూతులను ఆ గోడ నుంచి పక్కకు తిప్పి, జనం మీదకు దించుతాను.

గాలి, ఎండ మన చేతిలో లేనివి, కాని వాటి నడత ముందే తెలుసుకోవచ్చు. పగలు నేల కాలిపోతుంటుంది. నేలకు దగ్గరున్న వేడి గాలిలో శబ్దం వేగంగా, పైనున్న చల్లని గాలిలో నెమ్మదిగా నడుస్తుంది. దాంతో అలలు పైకి వంగిపోతాయి. మధ్యాహ్నం మూడింటికి సౌండ్ చెక్ చేసినప్పుడు వెనక వరసకు చాలని శబ్దం రాత్రి తొమ్మిదింటికి ఎక్కువైపోవడానికి కారణం ఇదే. రాత్రి నేల చల్లబడి పైన వెచ్చటి పొర మిగిలితే అలలు కిందికి వంగి చాలా దూరం పోతాయి. ధనుర్మాసంలో తెల్లవారుజామున పక్క ఊరి గుడి మైకులో తిరుప్పావై మన మంచం పక్కనే ఉన్నట్టు వినపడేది ఈ వంపు వల్లే. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీరాల్లో పగలంతా గాలి సముద్రం నుంచి ఊరి మీదకు, రాత్రి పొద్దుపోయాక ఊరి నుంచి సముద్రం మీదకు వీస్తుంది. గాలికి ఎదురు వెళ్లే శబ్దం పైకి వంగి, కొంత దూరం పోయాక నేల మీద నీడ లాంటి నిశ్శబ్దం పడుతుంది. అందుకే మధ్యాహ్నపు చెక్‌లో పెట్టిన మొత్తం స్థాయిని నేను అంతిమంగా తీసుకోను. చీకటి పడ్డాక మొదటి బ్యాండ్ వాయిస్తుండగా మైదానమంతా ఒకసారి నడిచి, మళ్లీ సరిచూసుకుంటాను. డప్పులు, మృదంగాలు కూడా మంచుకు వదులవుతాయి. శ్రుతి చూసుకోవడానికి వారికి అయిదు నిమిషాలు పట్టికలోనే కేటాయించాలి.

కరెంటు విషయంలో ఒక చేదు అనుభవం ఉంది. కొన్నేళ్ల క్రితం ఒక చిన్న పట్టణంలో అద్దె జనరేటర్ మీద ప్రోగ్రాం చేస్తున్నాం. రెండో బ్యాండ్ మధ్యలో స్టేజి లైట్లు ఒక్కసారిగా వెలుగు పెరిగి, యాంప్లిఫయర్ల రాక్ నుంచి కాలిన వాసన వచ్చింది. జనరేటర్ దగ్గర న్యూట్రల్ తీగ బిగింపు వదులైంది. న్యూట్రల్ ఊడితే 230 వోల్టులు అందవలసిన చోట అంతకు చాలా ఎక్కువ, 400 దాకా కూడా చేరగలదు. రెండు యాంప్లిఫయర్లు, కీబోర్డు అడాప్టర్ పోయాయి. ఆ కీబోర్డు కుర్రాడు సొంతంగా కూడబెట్టి కొనుక్కున్నది. ఆ రోజు నుంచి మీటరుతో వోల్టేజి కొలవకుండా, న్యూట్రల్ బిగింపును నా కళ్లతో చూడకుండా ఒక్క ప్లగ్గు కూడా పెట్టనివ్వను. సౌండుకూ లైట్లకూ వేర్వేరు ఫేజులు, స్టేజికి మొత్తం ఒకే ఎర్తు, 30 మిల్లీ యాంపియర్లకే పడిపోయే లీకేజి బ్రేకరు. ఈ మూడింటి దగ్గర బేరాలు ఉండవు. స్పీకర్లలో హమ్, అంటే ఆగని గుయ్యిమనే మోత, వస్తోందని ఎర్తు పిన్ను విరగ్గొట్టి ప్లగ్గు పెట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైకును తాకి స్టేజి మీదే చనిపోయాడు. ఒక చెయ్యి గిటారు తీగల మీద, పెదవి మైకు జాలీ మీద ఉన్న మనిషి శరీరం రెండు ఎర్తుల మధ్య వంతెన అవుతుంది. హమ్ పోవాలంటే గిటారుకూ మిక్సర్‌కూ మధ్య డీఐ బాక్సు అనే చిన్న సిగ్నల్ పెట్టె పెట్టి, దాని మీద ఉండే గ్రౌండ్ మీట నొక్కాలి. అది సిగ్నల్ తీగలో ఎర్తును విడదీస్తుంది, కరెంటు తీగలో ఎర్తు అలాగే ఉంటుంది. ప్రాణం కాపాడేది ఆ రెండోది.

ఇన్ని చెప్పినా చిన్న ఉత్సవంలో సౌండు బాగుండడమా లేదా అన్నది తేల్చేది రెండు బ్యాండ్ల మధ్య దొరికే పదిహేను నిమిషాలు. ఒకరు దిగాలి, మరొకరు ఎక్కాలి, పన్నెండు, పద్నాలుగు చానెళ్లు మారాలి. ఆ సమయంలో ఆలోచించేవాడు ఓడిపోతాడు. ఆలోచన ముందురోజే అయిపోవాలి. ప్రతి బ్యాండ్‌నూ వారం ముందే అడుగుతాను: ఎంతమంది, ఎవరెక్కడ నిలబడతారు, ఏయే వాద్యాలు, ఎన్ని గొంతులు. చేత్తో గీసిన బొమ్మ ఫోనులో పంపినా చాలు. అందరి జాబితాలూ పక్కపక్కన పెట్టి, ఏ బ్యాండ్ వచ్చినా మారని వరస ఒకటి తయారుచేస్తాను. ఒకటి నుంచి ఆరు దాకా డ్రమ్స్, ఏడు బేస్, ఎనిమిది, తొమ్మిది గిటార్లు, పది, పదకొండు కీబోర్డు, పన్నెండు నుంచి గొంతులు. మృదంగం వస్తే దానికి విడిగా రెండు. ఒక బ్యాండ్‌కు గిటారు ఒక్కటే ఉంటే తొమ్మిది ఖాళీగా ఉంటుంది తప్ప కీబోర్డు అక్కడికి జరగదు. చీకట్లో తొందరలో నా వేలు పన్నెండు మీదకు వెళ్లిందంటే అక్కడ గొంతు ఉండి తీరాలి. డ్రమ్ కిట్, బేస్ యాంప్లిఫయర్ అందరికీ ఒకటే ఉంచమని నిర్వాహకులను బతిమాలుకుంటాను. ప్రతి బ్యాండ్ తన కిట్ తెచ్చుకుంటే ఆ పదిహేను నిమిషాలు బోల్టులు బిగించడానికే పోతాయి.

మధ్యాహ్నం చెక్ చేసేటప్పుడు చివర వాయించే బ్యాండ్‌ను ముందు, మొదట వాయించేవారిని చివర చేస్తాం. అప్పుడు స్టేజి మొదటి బ్యాండ్‌కు సిద్ధంగా మిగులుతుంది. ఒక్కొక్కరి అమరిక డిజిటల్ మిక్సర్‌లో దాచుకుంటాం. చెక్‌కు రాలేకపోయిన బ్యాండ్ ఉంటే వారికి లైన్ చెక్ మాత్రమే: ప్రతి తీగలో శబ్దం వస్తోందా లేదా, రెండు నిమిషాలు. స్వరం ఎలా ఉందన్నది మొదటి పాటలో సరిదిద్దుకోవాలి. అందుకే అలాంటివారిని మొదటి పాటగా మీ దగ్గరున్న తేలికైనదాన్ని ఎంచుకోమని అడుగుతాను. మొదటి పాటలో నేను గొంతునే చూస్తాను. మిగతావి ఒక్క పాట ఆగగలవు.

వేళ గురించి చట్టం చెప్పేది నిర్వాహకులకు మొదటి రోజే గుర్తుచేయాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. సాంస్కృతిక, మతపరమైన సందర్భాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా అనుమతి ఇవ్వవచ్చు గాని అది ఏడాదికి 15 రోజులకు మించదు. పగటిపూట కూడా మైదానం సరిహద్దు దగ్గర శబ్దం ఆ ప్రాంతానికి ఉన్న ప్రమాణం కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ, లేదా 75 డెసిబెల్స్, రెండింటిలో ఏది తక్కువైతే దానికి లోబడాలి. నివాస ప్రాంతంలో పగటి ప్రమాణం 55 కాబట్టి గోడ దగ్గర 65 దాటకూడదు. చిన్న మైదానంలో ఇది చాలా కఠినమైన హద్దు. దీన్ని పాటించాలంటే బాక్సులు ఎత్తుగా, మూతులు కిందికి, బేస్ ఒకేచోట, స్టేజి శబ్దం తక్కువగా ఉండాలి. అంటే పాట బాగా వినపడడానికి చేసిన పనులే పక్కింటివారి నిద్రనూ కాపాడతాయి. బేస్ మాత్రం గోడలకు లొంగదు. అందుకే తొమ్మిది దాటాక దాన్ని నేనే రెండు మూడు డెసిబెల్స్ దించుతాను. ఎవరూ గమనించరు, వీధి చివర ఇంట్లో కిటికీ అద్దం అదరడం ఆగుతుంది. ముందు బ్యాండ్లు ఆలస్యం చేసినందుకు చివరి బ్యాండ్ తన రెండు పాటలు వదులుకోవలసి రావడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది. కాబట్టి గడియారాన్ని స్టేజి మీద అందరికీ కనపడేలా పెట్టిస్తాను.

ఇక ఆ పెద్దాయన. ఆ రోజు నేను చేసింది ఇది: గాయని మానిటర్‌లోంచి గిటారును పూర్తిగా తీసేశాను. స్టేజి మీదున్న మా కుర్రాడు పాట మధ్యలో వంగి వెళ్లి గిటారు యాంప్లిఫయర్‌ను వెనక్కి వాల్చాడు, గిటారు కుర్రాడు రెండు చరణాల తరువాత తనే గుండీ వెనక్కి తిప్పాడు. ఆమె మైకును నోటికి దగ్గరగా జరుపుకోమని సైగ చేశాను. బయట స్పీకర్లలో గిటారును, కీబోర్డును కొద్దిగా దించి, ఎకో తీసేశాను. మొత్తం వాల్యూమ్ ముట్టుకోలేదు. మూడో పాట పల్లవి దగ్గర చూస్తే ఆయన చెయ్యి కిందికి దిగి ఉంది, ఒళ్లో తాళం వేస్తోంది.

పదింటికి అయిదు నిమిషాల ముందు చివరి పాట అయిపోతుంది. ముందు యాంప్లిఫయర్లు ఆపి, తరువాత మిక్సర్ ఆపుతాం. వరస తప్పితే స్పీకర్లు దబ్బున కొట్టి కోన్లు పాడవుతాయి. మంచు దిగుతుంటుంది కాబట్టి తీగలను పొడిగుడ్డతో తుడుస్తూ, ఒక చుట్టు పై నుంచి, ఒక చుట్టు కింద నుంచి మెలి పడకుండా చుడతాం. సాయంత్రం ఏ తీగైనా గరగరలాడి ఉంటే దాని చివర ముడివేసి విడిగా పెట్టెలో వేస్తాం, రేపు మరో స్టేజి మీద ఎవరి పాట మధ్యలోనో అది మళ్లీ బయటపడకుండా.